శ్రీధర్ దాచిన పాస్‌వర్డులు

పొద్దున షట్టరు ఎత్తగానే శ్రీధర్ చేసే మొదటి పని అగరుబత్తి వెలిగించడం కాదు. రోడ్డు అవతల ప్రేమలత దుకాణం ముందు ఎన్ని కుర్చీలు నిండాయో చూడటం. నాలుగు నిండితే ఆ పూట టీ చేదు. ఆరూ నిండి, ఇంకొకరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారంటే ఆ రోజు భార్య జ్యోతి ఏం వండినా ఉప్పు తక్కువే, కారం ఎక్కువే. ఇంత ఓర్వలేనితనం ఒక్క మనిషి కడుపులో ఎట్లా పట్టిందా అని జ్యోతి ఆశ్చర్యపోయేది. పట్టడమేమిటి, అది రోజురోజుకూ పెరిగింది కూడా.

రెండూ ఆన్‌లైన్ సెంటర్లే. కోరుట్లలో బస్టాండుకు పోయే దారిలో ఎదురెదురుగా ఉంటాయి. భూముల పహాణీలు, రేషన్ కార్డులో తప్పులు దిద్దడం, పరీక్ష ఫీజులు, అన్నీ చేస్తారు. కానీ దుకాణాన్ని నిలబెట్టేది మాత్రం గల్ఫ్ కాగితాలే. ఈ పక్క ఊళ్లలో ఇంటికొకరు అక్కడ ఉన్నారు మరి.

శ్రీధర్ కూడా అక్కడ ఉండి వచ్చినవాడే. తండ్రి హన్మండ్లు ఎల్లంతకుంటలో తాళ్లెక్కి కల్లు గీసేవాడు. చెట్లు తగ్గాయి, మోకాళ్లు అరిగాయి, కొడుకును విమానం ఎక్కించాడు. అక్కడ కంపెనీ రెండేళ్లు పని చేయించుకుని చేతులెత్తేసింది. శ్రీధర్ దాన్ని విడిచిపెట్టి దొంగచాటుగా బయట పని చేశాడు. అట్లాంటివాళ్లను అక్కడ ఖల్లివెల్లి అంటారు. పోలీసు బండి కనిపిస్తే గోడ దూకడమే బతుకు. నాలుగేళ్లు అట్లా దాక్కుని, కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చని ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించిన ఏడాది వరుసలో నిలబడ్డాడు. ఫారం నింపడం రాక అటూ ఇటూ చూస్తుంటే ముక్కూ ముఖం తెలియని ఒక మనిషి పక్కకు పిలిచి, నింపి, చేతిలో పెట్టాడు. ఒక్క సంచితో ఇల్లు చేరాడు. తర్వాత జగిత్యాలలో కంప్యూటర్ నేర్చుకుని, జ్యోతి పుట్టిన ఊరు కోరుట్లలో దుకాణం తెరిచాడు. ఆరేళ్లపాటు ఆ దారిలో ఇంకో సెంటర్ లేదు. శ్రీధరన్న అంటే శ్రీధరన్నే.

అప్పుడు దిగింది ప్రేమలత.

మేడిపల్లి రైతు ఇంటి కోడలు. భర్త లింబాద్రి గల్ఫ్‌కు పోతూ మెయిల్ ఖాతా చేయించుకోవడానికి ఆమెను వెంటబెట్టుకుని శ్రీధర్ దగ్గరికే వచ్చాడు. ఆమె కీబోర్డు వైపు చూసి, "అన్నా, నాకు గూడ నేర్పుతవా?" అంది. గురువు అనిపించుకోవాలని ఎవరికి ఉండదు? మూడు నెలలు నేర్పాడు. నాలుగో నెలలో ఆమె రోడ్డు అవతల షట్టరు అద్దెకు తీసుకుని, కొబ్బరిముక్క, చక్కెర పట్టుకొచ్చి "నీ ఆశీర్వాదం అన్నా" అంది. శ్రీధర్ నవ్వుతూనే తిన్నాడు. ఆ కొబ్బరిముక్క నేటికీ అరగలేదు.

పని ఇద్దరిదీ ఒకటే, రేటూ ఒకటే. మరి జనం అటే ఎందుకు పోతారు? దానికి శ్రీధర్ చెప్పే కారణం, ఆమెకు మాటలెక్కువ. అసలు కారణం వేరు. ఆమె ఎవరికి మెయిల్ చేసిచ్చినా పాస్‌వర్డును చీటీ మీద రాసి, పాస్‌పోర్టు కవరులో పెట్టుకొమ్మని చేతికిస్తుంది. కంప్యూటర్‌లో ఒక్కటి కూడా ఉంచదు. మనుషులు పాస్‌వర్డు కొట్టేటప్పుడు కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటుంది. కన్నెత్తి చూడదు.

"ఏమి నాటకమే!" అనేవాడు శ్రీధర్. "గోడమీద గడియారం సూస్కుంట కూసుంటది మహారాణి."

అతని పద్ధతి మాత్రం పకడ్బందీగా ఉండేది. ఎవరి మెయిల్ చేసినా తన ఫోన్ నంబరే ఇచ్చేవాడు. పాస్‌వర్డు తానే పెట్టి, తన కంప్యూటర్‌లోనే దాచేవాడు. "నీకెందుకే పరేషాన్? నా తాన భద్రంగ ఉంటది" అని పంపించేవాడు. వాళ్లు ఇంకెక్కడికి పోతారు? ప్రేమలత దగ్గరికి పోతే ఆమె పాస్‌వర్డు అడుగుతుంది, వాళ్లకు తెలియదు, మళ్లీ రోడ్డు దాటి ఇటే రావాలి. అట్లా వచ్చిన ముఖాలను చూసినప్పుడల్లా శ్రీధర్ కడుపు చల్లబడేది. రెండు వందల నలభై మూడు మంది తాళాలు ఒక్క డబ్బాలో పెట్టుకున్నాడు. భద్రత కోసం కాదు, బాబూ, అసూయ కోసం.

ఇంకో సంగతి కూడా ఉంది. చెప్పకూడదు, కానీ చెప్పకపోతే ఈ కథకు అర్థం లేదు. ఆ తాళాల్లో లింబాద్రిది కూడా ఉంది. లింబాద్రి ఫోన్‌లో మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి పాస్‌వర్డు ఏమిటని ఆ మొగుడూపెళ్లాలు ఎన్నడూ అడగలేదు. ఒక సోమవారం శ్రీధర్ దాన్ని తెరిచాడు. ప్రేమలత ఇంట్లోనూ ఏదో ఒక బొక్క ఉంటుంది కదా, ఒక్కసారి చూద్దామనుకున్నాడు. ఉంది. లింబాద్రి పని పోయి ఎనిమిది నెలలైంది. ఉద్యోగాలకు పెట్టుకున్నవన్నీ వెనక్కి వచ్చాయి. ఆమె ఎవరితోనూ అనలేదు, నవ్వుతూనే ఫారాలు నింపుతోంది. ఆ రోజు శ్రీధర్ అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అప్పటినుంచి ప్రతి సోమవారం చూడటం అలవాటైంది. చూసినకొద్దీ హాయి, బయటికొచ్చి ఆమె కుర్చీలు చూసినకొద్దీ మళ్లీ మంట. సిగ్గులేని జన్మ అంటే అదే.

ఇక నీలిడబ్బా సంగతి. ఆన్‌లైన్ ఫారాలు ఫోటో ఇంతకంటే పెద్దగా ఉండొద్దు, కాగితం ఇంతకంటే బరువు ఉండొద్దు అంటాయి. వాటిని చిన్నవి చేసే ఒక ఉచిత టూల్ ఉంది. దాని ఇంగ్లిష్ పేరు ఎవరికీ నోరు తిరగదు. గుర్తు నీలంరంగు డబ్బా కాబట్టి జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా సెంటర్లవాళ్లందరూ నీలిడబ్బా అంటారు. ప్రేమలత రెండేళ్ల కింద పెన్‌డ్రైవ్‌లో ఎవరి దగ్గరో కాపీ చేసుకొచ్చింది, అదే వాడుతోంది. శ్రీధర్ అట్లా కాదు. తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే దింపుతాడు. కొత్తది వచ్చిందంటే గంటలో ఎక్కించాల్సిందే. మొత్తం బతుకులో ఆమె కంటే తానే మెరుగని చూపించుకోవడానికి మిగిలింది ఆ ఒక్కటే.

పదకొండో తారీఖున కొత్తది వచ్చింది. అప్పటికప్పుడే ఎక్కించి, గుమ్మంలో నిలబడి రోడ్డు అవతలికి వినిపించేటట్టు అన్నాడు. "మాది కంపెనీ ఒరిజినల్! కొందరి లెక్క పెన్‌డ్రైవ్ ఎంగిలి గాదు!"

ప్రేమలత తల ఎత్తి నవ్వింది. "నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టాలె అన్నా?"

ఆ నవ్వే అతని ఒళ్లు మండించేది.

పదమూడు రోజులు గడిచాయి. సోమవారం పొద్దున సెంటర్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో సిరిసిల్ల ముత్తయ్య గొంతు పలికింది. "అందరు ఇనుండ్రి! నీలిడబ్బాల దొంగ ప్రోగ్రాం దూరిందట! మెషీన్ల దాసిపెట్టిన పాస్‌వర్డులన్ని ఎత్కపోతున్నదట!"

శ్రీధర్ అక్కడికే విని ఫోన్ జేబులో పెట్టేశాడు. నెత్తిన పాలు పోసినట్టయింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాడు. ఆరు కుర్చీలూ నిండి ఉన్నాయి. ఇంకేం కావాలి?

"ఇన్నవా చెల్లె? నీలిడబ్బాల దొంగ పడ్డడట! పెన్‌డ్రైవ్ కాపీలు పెట్టుకోకు పెట్టుకోకు అని ఎన్నిసార్లు చెప్పిన? పాపం, నిన్ను నమ్మి అచ్చిన గీళ్ల గతేంగావాలె?"

ప్రేమలత కంగారుపడలేదు. "నేను గూడ ఇన్న అన్నా. పూర్తిగ ఇన్న. పాతదాంట్ల ఏం లేదట. మొన్న పదకొండో తారీఖున అచ్చిన కొత్తదాంట్లనేనట, గదీ కంపెనీ సైటుల నుంచి దింపినదాంట్లనే. మీది ఏది?"

కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ శ్రీధర్ వైపు తిరిగారు.

"మాది ఒరిజినల్" అన్నాడు శ్రీధర్. అని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

లోపలికి వచ్చి మిగిలిన సగం విన్నాడు. ఎవడో ఆ టూల్ తయారుచేసే చోటులోకే దూరాడు. వాళ్లు బయటికి పంపే డబ్బాలోనే, వాళ్లకే తెలియకుండా, దొంగ ప్రోగ్రాం పెట్టాడు. వాళ్ల ముద్రతోనే, వాళ్ల సైటు నుంచే అది ఊరూరికీ పోయింది. క్షమించమని కంపెనీవాళ్లే రాశారు. పదకొండు నుంచి ఇరవై మూడు దాకా దింపినవాళ్లు వెంటనే వేరే మెషీన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చుకొమ్మన్నారు.

శ్రీధర్ ముందు నెట్ వైరు పీకాడు. తర్వాత అతనికి వచ్చిన ఆలోచన చూడండి. రెండు వందల నలభై మూడు మంది ఏమవుతారని కాదు. ఒళ్లు వంచని ఆమె బయటపడింది, పద్ధతిగా చేసిన నేను మునిగాను, ఇదెక్కడి న్యాయమని!

"మందికి చెప్పు" అంది జ్యోతి. "ఇయ్యాలే చెప్పు."

"చెప్తే ఏమైతది ఎరుకేనా? మన మెషీన్ల మార్చరాదు. అందరిని గామె తానికే తోలాలె. పోయినోళ్లు మళ్ల అస్తరా?"

"రాకుంటే రాకపోనీ. ఆళ్ల పాస్‌పోర్టులు, కాయిదాలు అన్ని ఆ మెయిళ్లనే ఉన్నయి గద!"

"నేను మారుస్త. ఫోన్ల కెల్లి మెల్లగ మారుస్త. ఎవ్వరికి తెల్వద్దు."

ఆ మెషీన్ మళ్లీ తెరవడానికి జంకి, తన నంబరుకు వచ్చే కోడ్‌తోనే మార్చడం మొదలుపెట్టాడు. మొదట పెద్ద గిరాకీలు, అటు జారిపోతారేమోనని భయమున్నవాళ్లు. ఏడు మారాయి. ఎనిమిదోదానికి వచ్చేసరికి, ఈ నంబరు మీద చాలాసార్లు కోడ్ అడిగారు, రేపు ప్రయత్నించండి అని వచ్చింది. అందరికీ తన ఒక్క నంబరే ఇచ్చుకున్నాడు కదా, అది ఇట్లా తిరగబడింది.

ఆ మధ్యాహ్నమే గంగవ్వ వచ్చింది. మేడిపల్లి నుంచి రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చే ముసలమ్మ. కొడుకు భూమేశ్ గల్ఫ్‌లో ఖల్లివెల్లి అయి ఐదేళ్లు. ఇప్పుడు మళ్లీ క్షమాభిక్ష ప్రకటించారు, నెలాఖరు దాకానే గడువు. శ్రీధరే అన్ని కాగితాలు మెయిల్‌లో పంపాడు. ఏ రోజు రావాలో ఆఫీసువాళ్లు మెయిల్‌కే రాస్తారు. ఆ తారీఖు తప్పితే జైలు, లేదంటే ఇంకెన్నేళ్ల గోడలు దూకడమో.

"అచ్చిందా కొడుకా?"

"సర్వర్ డౌన్ ఉందవ్వా. రేపు రా."

ఈ పనిలో అందరూ ఆడే అబద్ధమే అది. కానీ శ్రీధర్‌కు ఆ రోజు నాలుక మీద చేదుగా తగిలింది. తెల్లారి మంగళవారం ఇంకో ఐదు మార్చాడు, మళ్లీ బంద్. ఆ ఐదింటిలోనూ గంగవ్వది లేదు. ఆమె చదువురాని మనిషి, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ సర్వర్ డౌన్.

బుధవారం పొద్దున గంగవ్వ మూడోసారి వచ్చి, గడప మీద కూలబడింది. చెప్పింది వినలేదు, లేవలేదు. చేతి సంచిలోంచి ఫోన్ తీసి ఇచ్చింది.

"పోరడు ఏదో మాట్లాడి పంపిండు. జర ఇనిపియ్యి."

భూమేశ్ గొంతు వినిపించింది. "అమ్మా, ఇంక నాలుగు రోజులే ఉన్నది. నాతోటోళ్లకు తారీఖులు అచ్చినయి. శ్రీధరన్నకు చెప్పి మెయిల్ చూపియ్యే. గాయన గూడ గిట్లనే అచ్చినోడట గద, గాయనకు ఎరుకుంటది."

శ్రీధర్ ఫోన్ ఆమెకు తిరిగిచ్చాడు. వరుసలో నుంచి పక్కకు పిలిచి ఫారం నింపిచ్చిన ఆ మనిషి గుర్తొచ్చాడు. పేరు కూడా అడగలేదు.

"గామె తాన సర్వరు మంచిగనే నడుస్తున్నది" అంది గంగవ్వ రోడ్డు అవతలికి చూపిస్తూ. "నిన్న పోయి అడిగిన. పాస్‌వర్డ్ గావాలన్నది. నాకేం ఎరుక? గది నీ తాననే ఉన్నదంట. ఇయ్యి కొడుకా, నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయింది. శ్రీధర్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆపాడు.

"వద్దవ్వా. సర్వర్ డౌన్ గాలే. అబద్ధం చెప్పిన. నా కంప్యూటర్ల దొంగ పడ్డడు."

వెంటనే, వైరు పీకిన ఆ మెషీన్‌లోంచే చూసి, పాత జిరాక్సు కాగితం చింపి దాని వెనక గంగవ్వ చీటీ రాశాడు. ఆమెతోపాటు రోడ్డు దాటాడు.

ప్రేమలత కుర్చీలో ఉన్న గిరాకీని లేపి గంగవ్వను కూర్చోబెట్టింది. మెయిల్ తెరిచింది. ఎన్నడూ పేరు వినని దేశం నుంచి ఎవడో రెండుసార్లు తెరిచి చూసినట్టు ఉంది. ఆఫీసువాళ్ల ఉత్తరం మాత్రం ఉంది. మంగళవారం పొద్దున వచ్చింది. గురువారం ఎనిమిది గంటలకు రెండు ఫోటోలతో రమ్మని. అంటే తెల్లారే.

శ్రీధర్ ఆ తారీఖును మళ్లీ మళ్లీ చదివాడు. ఇంకొక్క సర్వర్ డౌన్ అని ఉంటే భూమేశ్ పని అయిపోయేది.

ప్రేమలత అప్పుడే భూమేశ్‌కు ఫోన్ కలిపింది, ఉత్తరం ఫోటో తీసి పంపింది. అటునుంచి ఏడుపో నవ్వో తెలియని గొంతు వినిపించింది. గంగవ్వ ప్రేమలత బుగ్గలు పుణికి, తన కణతలకు మెటికలు విరుచుకుంది. "నా కొడుకును బతికిస్తివి బిడ్డా. సల్లగుండు. నీ ఇల్లు పచ్చగుండ!"

చీటీ రాసింది నేను కదా! శ్రీధర్ కడుపులో ఆ పాత మంట భగ్గుమంది. అంత జరిగాక కూడా! ఏం మనిషిరా నాయనా అని తనను తానే తిట్టుకున్నాడు, అయినా మంట ఆరలేదు.

దుకాణానికి తిరిగొచ్చి, గిరాకీలందరికీ ఒకే మాట ఫోన్‌లో పంపాడు. "నా కంప్యూటర్ల దొంగ పడ్డడు. డబ్బా ఒరిజినలే, దొంగ గూడ దాంట్లకెల్లే అచ్చిండు. గది నా తప్పు గాదు. గానీ మీ తాళాలన్ని నా తాన పెట్టుకున్నది నేనే. గది నా తప్పే. అచ్చి చీటీ తీస్కపోండ్రి. నా తాన గాదు, ప్రేమలత తాన మార్చుకోండ్రి."

ఆ రోజంతా జ్యోతి, అతను చీటీలు రాస్తూనే ఉన్నారు. మనుషులు బండ్ల మీద, ఆటోల్లో వచ్చారు. కొందరు తిట్టారు. ఒకాయన చీటీ లాక్కుని అతని ముఖం వైపు కూడా చూడకుండా పోయాడు. అందరూ చీటీ తీసుకుని రోడ్డు దాటారు. తొమ్మిదేళ్లు కూడబెట్టిన మనుషులు తన కళ్లముందే ఒక్కొక్కరుగా అటు పోతుంటే, తన చేత్తోనే సాగనంపాడు. సాయంత్రానికి ప్రేమలత కుర్చీలు చాలక టీ కొట్టు బల్ల తెచ్చి వేశారు.

ఒక్క చీటీ మాత్రం ఎవరికీ ఇవ్వకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చింపేద్దామని రెండుసార్లు తీశాడు. చింపితే దొంగ చేతిలో ఆ తాళం ఉండిపోతుంది. ఇస్తే...

పొద్దుగూకే వేళ ప్రేమలతే పిలిచింది. ఒక ముసలాయన మెయిల్‌లో శ్రీధర్ నంబరు తీసి సొంత నంబరు పెట్టడంలో ఏదో అడ్డుపడిందట. శ్రీధర్ వెళ్లి చెప్పాడు. వెనక్కి తిరగబోతుంటే ఆమె అంది.

"అన్నా, మా ఆయన మెయిల్ గూడ నీ తాననే చేయించినం గద. ఆయనది రాసినవా?"

"రాసిన" అన్నాడు శ్రీధర్. జేబులోంచి తీసి ఇచ్చాడు. అక్కడే నిలబడ్డాడు.

ఆమె చీటీ చూసి కొట్టింది. మెయిల్ తెరుచుకుంది. పొద్దుటి నుంచి అందరికీ చేసినట్టే, ఎవరెవరు ఎక్కడి నుంచి తెరిచారో చూపే పేజీకి పోయింది. దొంగ దేశం పేరు అక్కడ లేదు. దొంగ లింబాద్రి మెయిల్‌ను ముట్టనేలేదు. లింబాద్రి ఫోన్ ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది. కంప్యూటర్. ఇండియా, తెలంగాణ.

ఆమె వేలు తెర మీద మెల్లగా కిందికి దిగింది.

"నీ మెషీన్ల దొంగ పడ్డది ఏ తారీఖు అన్నా?"

"పదకొండు."

"గిది పదో తారీఖు. సోమవారం." వేలు ఇంకో వరుస దిగింది. "గిది మూడో తారీఖు. గిది గూడ సోమవారమే."

కుర్చీల్లో, బల్ల మీద, గోడ పక్కన జనం ఉన్నారు. ఆమె ఒక్క మాట గొంతెత్తి అంటే చాలు. ఎనిమిది నెలలుగా ఎవరికీ తెలియనివ్వనిది ఇతనికి తెలుసని ఆమెకు అర్థమైపోయింది. ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ గొంతు పెంచలేదు.

"జర అటు తిరుగు అన్నా" అంది. "కొత్త పాస్‌వర్డ్ కొట్టాలె."

ఎవరు కొట్టినా తాను గోడవైపు తిరిగే మనిషి, ఇన్నేళ్లలో ఎవరినీ అటు తిరగమని అనలేదు.

శ్రీధర్ తిరిగాడు. ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల తన దుకాణం. ముందు వేసిన నాలుగు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. జ్యోతి మిగిలిన చీటీలను రబ్బరు బ్యాండుతో కడుతోంది. వెనక కీబోర్డు చప్పుడు వినిపించి, ఆగింది. ఇగ తిరుగు అన్నా అంటుందేమోనని ఎదురుచూశాడు. ఆమె అనలేదు.

"తర్వాత ఎవరు? రాండ్రి" అని పిలిచింది.